ఈల పట్టినవారి తీర్పు

సోదరీమణులారా! గతమాసమున నీ పుటలయందు ఊరగాయ జాడీలకు బూజు పట్టకుండ కాపాడుకొను విధమును గూర్చి ముచ్చటించుకొంటిమి. ఈ మాసమున నేనెత్తుకొన్న విషయమును జూచి, "ఈమెకు మతి చలించినదా యేమి?" యని మీరు నవ్వుకొందురేమో! నేను వ్రాయబోవునది ఫుట్‌బాలు ఆటలోని నిబంధనలను గూర్చి; అందును, ఈల పట్టుకొని తీర్పు చెప్పు రిఫరీని గూర్చి. వంటయింటికిని ఆటస్థలమునకును సంబంధమేమని యడుగవలదు. ఆ యీల చప్పుడు మా గడప దాటి లోనికి వచ్చి, పదునెనిమిది దినములు నా భర్తకును నా తోబుట్టువునకును మాటలు లేకుండ జేసినది. ముందు ఆ కథ చెప్పి, పిమ్మట దానివలన నేను నేర్చుకొన్నది చెప్పెదను.

మా వారు ఉన్నత పాఠశాలలో లెక్కల ఉపాధ్యాయులు. ప్రతి యాదివారము సాయంకాలము బడి మైదానములో ఊరిలోని పెద్దవారు కొందఱు చేరి ఫుట్‌బాలు ఆడుదురు. వారిలో బ్యాంకి గుమాస్తా కలడు, ఆటో నడుపువారు కలరు, మందుల దుకాణపు యజమాని కలడు. పలువురు మా వారి పూర్వశిష్యులే. ఎవరికిని జీతము లేదు, బహుమానము లేదు. వారమంతయు నలిగిన దేహమునకు చెమట పట్టించుటకును, నలుగురితో కూడి నవ్వుటకును ఆడుదురు. మోకాలి నొప్పి వచ్చినది మొదలు మా వారు ఆడుట మాని ఈల పట్టుకొనిరి. "బడిపంతులకు ఈ బంతి గోల యేల?" అని మొదట నేను విసుగుకొంటిని. అప్పుడు వారు హైదరాబాదు రహీం సాహెబుగారి కథ చెప్పిరి. సయ్యద్ అబ్దుల్ రహీంగారు వృత్తిచేత బడిపంతులే. ఆయన తీర్చిదిద్దిన భారత జట్టు 1951 లోను, 1962 లోను ఆసియా క్రీడలలో బంగారు పతకము గెలిచినది. 1956 లో మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలలో నాలుగవ స్థానము పొందినది. అది విన్న పిమ్మట నేను మఱి నోరెత్తలేదు.

నా తమ్ముడు మా యూరిలోనే ఉద్యోగము చేయుచున్నాడు. వాడును ఆ యాటగాండ్రలో నొకడు. మొన్నటి యాశ్వయుజ మాసములో నొక యాదివారము, ఆట ముగియుటకు అయిదు నిమిషములున్నప్పుడు వాని పక్షము ఒక గోలు వెనుకబడి యుండెను. బంతి ప్రక్కగీత దాటి బయటికి పోగా, వాని పక్షపువాడొకడు దానిని రెండు చేతులతో తలమీదుగా లోనికి విసరెను. ఆటగాండ్రు దీనిని 'త్రో' అందురు. తమ్ముడు ఎదుటి పక్షపు వారినందఱిని దాటి, గోలు కాచువాని యెదుట ఒంటరిగా నిలిచియుండెను. బంతి నేరుగా వాని కాలికి వచ్చినది, తన్నినాడు, గోలైనది. వెంటనే మా వారు ఈల యూది, "ఆఫ్‌సైడు! గోలు చెల్లదు" అనిరి.

"బావగారూ, త్రోకు ఆఫ్‌సైడు లేదండీ" అని తమ్ముడు పరుగెత్తి వచ్చెను.

"ఉన్నది. నేను చెప్పితిని గదా!"

వీరిట్లు వాదించుచుండగనే ఎదుటి పక్షమువారు తమకు లభించిన ఫ్రీ కిక్కును తన్నివేసిరి. ఆట సాగిపోయినది. తమ్ముడు ఊరకుండక వెంటబడి, "ఇది తరగతిగది గాదు, మీరు బెత్తము చూపగానే నోరు మూసికొనుటకు!" అని నలుగురిలో బిగ్గఱగా ననెను. మా వారు జేబులోనుండి పసుపు కార్డు తీసి వానికి చూపిరి. ఆ పిమ్మట ఆట ముగిసినది, రాకపోకలును ముగిసినవి.

ఆ రాత్రి మా వారు అన్నము కలిపి, రెండు ముద్దలు తిని లేచిరి. దినము విడిచి దినము సాయంకాలము కాఫీకి వచ్చు తమ్ముడు మా వీథి మొగము చూచుట మానినాడు. దీపావళి దగ్గఱపడుచుండెను. దీపావళి పోయిన రెండవనాడు, కార్తిక శుద్ధ విదియనాడు, భగినీహస్త భోజనము. పెండ్లియైన నాటినుండి ఆ దినమున తమ్మునికి నా చేతితో వడ్డించని యేడు లేదు. ఈ యేడు ఆ విస్తరి వేయనక్కఱ లేకపోవునేమో యని నాకు బెంగ పట్టుకొన్నది. మా యమ్మ ఫోను చేసి, "ఎవరిదే తప్పు?" అని యడిగినది. నేను సమాధానము చెప్పలేకపోతిని. భర్త తప్పనుటకు నోరు రాదు. తమ్ముడు తప్పనుటకు మనసు రాదు. ఈ రెంటికిని మించి, అసలు తప్పేదో నాకు తెలియదు!

మా నాయనగారు చిన్నతనమున నాకు భారతము చెప్పునపుడు గదాయుద్ధ ఘట్టమును మిక్కిలి శ్రద్ధతో చెప్పెడివారు. నాభికి దిగువ గదతో కొట్టరాదని శాస్త్రము. భీముడు తొడలమీద కొట్టెను. ఇద్దఱు శిష్యులకును గురువైన బలరాముడు నాగలి యెత్తి భీమునిమీదికి లేచెను. కృష్ణుడు కౌగిలించి యాపెను. నాయనగారు పుస్తకము మూసి, "అమ్మాయీ, ఇక్కడ జరిగిన దానిని గూర్చి వివాదమున్నదా, ధర్మమును గూర్చి వివాదమున్నదా? ముందు అది తేల్చుకొని పిమ్మట మాటాడుము" అనెడివారు. దెబ్బ తొడమీద తగిలినదని అందఱును చూచిరి; ఆ విషయమున సందేహము లేదు. అది సమ్మతమా కాదా యనుటయే వివాదము. ఆ మాట నాకిప్పుడు జ్ఞప్తికి వచ్చినది. మా యింటి తగవులో కూడ జరిగినదేమో యిద్దఱకును తెలియును. బంతి త్రో నుండి నేరుగా వచ్చినది. తమ్ముడు అందఱిని దాటి నిలిచినాడు. దీనిని ఇద్దఱును ఒప్పుకొన్నారు. వివాదమంతయు శాస్త్రమును గూర్చియే. శాస్త్రమైనచో ఎచ్చటనో వ్రాయబడి యుండవలె గదా!

ఉన్నది. తొమ్మిదవ తరగతి చదువుచున్న మా యమ్మాయి క్షణములో దానిని తన తండ్రి ఫోనులోనే చూపినది. నేను కాగితములపై అచ్చు తీయించితిని. 1863 లో లండను నగరమున మొదట వ్రాయబడిన ఈ యాట నిబంధనలను, 1886 లో ఏర్పడిన యొక మండలి నేటికిని కాపాడుచు, అవసరమైనప్పుడు సవరించుచున్నది. ఇంగ్లండు, స్కాట్లండు, వేల్సు, ఉత్తర ఐర్లండు దేశముల సంఘములకు తలకొక వోటు, ప్రపంచ సంఘమైన ఫిఫాకు నాలుగు వోట్లు. ఎనిమిదింటిలో ఆఱు కూడినగాని ఒక్క యక్షరమైనను మాఱదు. ఇప్పటి నిబంధనలు మొత్తము 17. నాకు ఇంగ్లీషు పాండిత్యము లేదు. నిఘంటువు ప్రక్కన బెట్టుకొని, మధ్యాహ్నపు వేళలలో నాలుగు దినములు కూర్చుండి చదివితిని. చదువగా చదువగా ఇది నాకు పరిచయమైన వస్తువే యనిపించినది. బాలవ్యాకరణములో కొన్ని సంధులు నిత్యములు, కొన్ని వైకల్పికములు, కొన్ని బహుళములు గదా! ఇందును అట్లే. కొన్ని నియమములు నిత్యములు. రిఫరీ యిష్టముతో వానికి పని లేదు. కొన్నింటిని ఆయన వివేకమునకు విడిచిపెట్టినారు. ఏది యే జాతిదో తెలియకపోవుటయే సగము తగవులకు మూలము.

మొదట మా తగవుకు కారణమైన ఆఫ్‌సైడు సంగతి. మగవారు దీనిని మహావిద్యవలె చెప్పుదురుగాని, పంక్తి భోజనము చూచిన ఆడువారికి దీనిలో తెలియని దేమియు లేదు. వడ్డన కాకమునుపే విస్తరి ముందు కూర్చుండుట తప్పుగాదు. అందఱికంటె ముందు కలుపుకొని తినుట తప్పు. అట్లే, ఎదుటివారి సగములో, బంతికంటెను, ఎదుటి పక్షమున తుదినుండి రెండవవానికంటెను ముందుకు పోయి నిలుచుట ఆఫ్‌సైడు స్థానము. ఆ యిద్దఱిలో నొకడు సామాన్యముగా గోలు కాచువాడే. ఆ స్థానములో నిలుచుట మాత్రమే నేరము గాదు. తనవాడు బంతిని తాకిన ఆ క్షణమున అక్కడ నుండి, పిమ్మట ఆ బంతిని ఆడుటయో, ఎదుటివానికి అడ్డు తగులుటయో చేసినప్పుడే నేరము. సరిసమానముగా నున్నచో 1990 నుండి నేరము లేదు. తన సగములో నున్నచో ఎన్నడును నేరము లేదు. ఇక మాకు కావలసిన వాక్యము: గోలు కిక్కు, కార్నరు కిక్కు, త్రో — ఈ మూటినుండి బంతి నేరుగా వచ్చినచో ఆఫ్‌సైడు నేరము లేనే లేదు. త్రోకు ఈ మినహాయింపు క్రొత్తదియు గాదు. 1920 నుండి యున్నది. ఇది నిత్యము; రిఫరీ వివేకమునకు ఇందు చోటు లేదు.

కనుక మా వారి తీర్పు తప్పు. ఆ వాక్యము చదివినప్పుడు నాకు కలిగిన భావమును దాచను: నా తమ్ముడు గెలిచినాడని ఒక క్షణము సంతోషించితిని, నా భర్త ఓడినారని మఱుక్షణము కుంగితిని.

అయినను పుస్తకము అక్కడ మూయలేదు. అయిదవ నిబంధన రిఫరీని గూర్చినది. ఆటలో జరిగిన విషయములను గూర్చి, గోలు అయినదా కాలేదా యనుటతో సహా, ఆయన నిర్ణయమే తుదిది. తన తీర్పు తప్పని ఆయనకే తోచినచో మార్చుకొనవచ్చును. కాని ఆట తిరిగి మొదలైన పిమ్మట మార్చుటకు వీలులేదు. మా వారు ఈల యూదునప్పటికి బంతి గోలులోనికి పోయినది. ఎదుటివారు ఫ్రీ కిక్కు తన్నకమునుపు నియమము జ్ఞప్తికి వచ్చియున్నచో ఆ గోలును ఈయదగినదే. తన్నిన పిమ్మట ఇంద్రుడు దిగివచ్చినను రాదు. ఇక పండ్రెండవ నిబంధన ప్రకారము రిఫరీ తీర్పును మాటతోనో చేతతోనో ధిక్కరించువానికి పసుపు కార్డు. ఆ తీర్పు తప్పైనచో ధిక్కరింపవచ్చునని యెక్కడను లేదు! అనగా గోలు విషయమున తమ్ముడు ఒప్పు, బావగారు తప్పు. కార్డు విషయమున బావగారు ఒప్పు, తమ్ముడు తప్పు. మా యమ్మకు చెప్పదగిన సమాధానము దొరికినది.

పుస్తకము చేతనున్నది గనుక, మైదానమునుండి మా యింటికి తఱచుగా వచ్చు ఇతర వివాదములను కూడ వెదకి చూచితిని. మీ యిండ్లలోను భర్తలో, సోదరులో, కుమారులో ఆడువారున్నచో ఇవి పనికివచ్చును.

"నేను బంతినే తన్నితిని, మనిషిని గాదు" అనుట ఆటగాండ్ర నిత్యపారాయణము. కాని బంతి ముందు తగిలినంత మాత్రమున తప్పు తొలగదు. ఎదుటివానిని తన్నుటయందో, పడవేయుటయందో అజాగ్రత్త యున్నచో ఫ్రీ కిక్కు మాత్రమే. వానికి కలుగు అపాయమును లెక్కపెట్టక చేసినచో పసుపు కార్డు. మితిమీఱిన బలముతో ఒడలికి ముప్పు తెచ్చునట్లు చేసినచో ఎఱ్ఱ కార్డు. ఈ మూటి నడుమ గీత గీయువాడు రిఫరీయే. ఇది ఆయన వివేకమునకు విడిచిన చోటు. మంటకెక్కువైనదా, మాడినదా యని చెప్పుటకు కొలబద్ద యున్నదా? చూచినవారు చెప్పవలసినదే.

"చేతికి తగిలినది, చేతికి తగిలినది" అని పదునొకండుగురును అఱచుట రెండవది. చేతికి తగిలిన ప్రతి బంతియు నేరము గాదు. బుద్ధిపూర్వకముగా తాకుట నేరము. ఆ కదలికకు తగని రీతిని చేయి చాచి దేహమును పెద్దది చేసికొని యడ్డుట నేరము. పొరబాటున తగిలినను, ఆ చేతినుండి నేరుగా గోలులో పడినచో, లేదా చేతికి తగిలిన వెంటనే ఆతడే గోలు చేసినచో, ఆ గోలు చెల్లదు. తక్కినవి సాగిపోవలసినవే. చేయి యనగా చంక అడుగుమట్టమునుండి క్రిందిది. భుజము చేయి కాదు.

మూడవది గీత సంగతి. బంతి గీతమీద నున్నచో లోననే యున్నట్లు. నేలమీదనైనను, గాలిలోనైనను, బంతి యంతయు గీత యంతయు దాటినగాని బయటికి పోయినట్లు గాదు, గోలైనట్లును గాదు. ముగ్గు గీతమీద దీపము పెట్టినచో అది ముగ్గులోనిదే గదా!

నాలుగవది, రిఫరీ చూచియు ఈల యూదకుండుట. "కన్నులు లేవా?" అని తిట్టుదురు. కన్నులున్నవి. తప్పు జరిగినను, నష్టపడిన పక్షమునకే ముందుకుపోవు అనుకూలమున్నచో ఆటను సాగనిచ్చుటకు ఆయనకు అధికారము కలదు. దీనిని అడ్వాంటేజి యందురు. కొన్ని క్షణములలో ఆ యనుకూలము ఫలింపకపోయినచో వెనుకకు మఱలి ఈల యూదవచ్చును. దోషిని శిక్షించుటకంటె నష్టపడినవానికి మేలు చేయుట ముఖ్యమను ఈ నియమము నాకు మిక్కిలి నచ్చినది. ఇంటిలోను పిల్లల తగవులు తీర్చునపుడు ఇట్లే చేయుచుందుము గాని, దానికొక పేరున్నదని తెలియదు.

ఇవి చదివిన పిమ్మట నాకు రిఫరీమీద జాలి పుట్టినది. పెద్ద పోటీలలో ఆయనకు గీతలవెంట ఇద్దఱు సహాయకులుందురు. 2018 నుండి, ఏర్పాటున్న చోట, బొమ్మలను మఱల చూచుకొనుటకు నిబంధనలే అనుమతి నిచ్చుచున్నవి. మా మైదానములో అట్టివేవియు లేవు. ఏబది యేండ్లకు చేరువైన యొక మనిషి, ఒక ఈల, ఒక నొప్పి మోకాలు. దూరమున నొకడు బంతి తన్నిన క్షణమున, మఱియొక వైపున మఱియొకడు ఎక్కడ నిలిచినాడో చూడవలెను. పొయ్యిమీద పొంగుచున్న పాలను, గడప దాటుచున్న బిడ్డను ఒక్క చూపున చూడవలసిన తల్లి పాటు ఆయనది. అందుచేతనే జరిగిన విషయమున ఆయన మాట తుదిది యన్నారు. ఆయన పొరబడడని గాదు, ఎవరో యొకరి మాటతో ఆట సాగవలెను గనుక. మొదటి కాలమున ఒక్కొక్క పక్షము తన మధ్యవర్తి నొక్కొక్కని తెచ్చుకొనెడిదట; వారిద్దఱికిని పొసగనప్పుడు బయట నున్న రిఫరీని అడుగెడివారట. ఎవరివారు తమవారి ప్రక్క మాటాడినచో వివాదములెట్లు తెగును? 1891 లో రిఫరీని మైదానములోనికి తెచ్చి, తీర్పు ఆయన చేతిలో పెట్టిరి. మా యింట మాత్రము పక్షమునకొక మధ్యవర్తియను పాత పద్ధతియే సాగుచున్నది. ఆ యిద్దఱును నేనే!

కార్డుల కథయు ముచ్చటైనది. ఒక భాష యెఱుగని ఆటగానికి మఱియొక భాష రిఫరీ హెచ్చరికను తెలుపుట కష్టమైనందున, వీథి కూడలిలోని పసుపు, ఎఱ్ఱ దీపములను చూచి ఇంగ్లండు రిఫరీ కెన్ ఆస్టన్ ఈ యుపాయమును కనిపెట్టెను. 1970 లో మెక్సికోలో జరిగిన ప్రపంచ పోటీలో వానిని మొదట వాడిరి. అనగా పసుపు కార్డు అవమానపత్రము గాదు. "జాగ్రత్త" యని మాట లేకుండ చెప్పు మాట. తమ్ముడు దానిని చెంపపెట్టుగా నెంచినాడు.

నాకు తెలిసినది మా వారికి తెలుపుట యెట్లు? నలుగురిలో చెప్పరాదు, భోజనము చేయునప్పుడు చెప్పరాదు, "నేను ముందే యనుకొంటిని" అని అసలే చెప్పరాదు. రెండవ యాదివారము మధ్యాహ్నము వారు నిద్రలేచి కూర్చుండగా, కాఫీ గ్లాసు ప్రక్కన ఆ కాగితములు రెండు పెట్టితిని: ఆఫ్‌సైడు పుట యొకటి, రిఫరీ పుట యొకటి. రెంటను పెన్సిలుతో సన్నని గీత. వారు చదివిరి. మఱల చదివిరి. కాఫీ చల్లారినది.

"నేను బడిలో చదువుకొనునాడు మా డ్రిల్లు మాస్టరుగారు చెప్పగా విన్నదే నా నిబంధన. ముప్పది యేండ్లుగా పుస్తకము తెఱచి చూడలేదు. పిల్లవాడు లెక్క యిట్లు చేసికొని వచ్చినచో ఊరకుందునా?" అనిరి. కొంతసేపటికి, "వాడన్న మాట మాత్రము నాకు ములుకువలె నాటుకొన్నది" అనిరి.

"ఆ మాటకు రెండవ పుట యున్నది గదా!" అంటిని. వారు నవ్వలేదు గాని ముఖము తేటపడినది.

ఆ సాయంకాలము ఆట మొదలు పెట్టకమునుపు వారు అందఱిని చేరబిలిచి, "గడచిన పక్షమున నేను కొట్టివేసిన గోలు న్యాయమైన గోలు. నియమము నాకు తెలియదు. ఫలితము మార్చుటకు వీలులేదు, తప్పు నాదని చెప్పుటకు మాత్రము వీలున్నది" అనిరట. తమ్ముడు ఆనాడు ఆటకు రాలేదు. మందుల దుకాణపు యజమాని ఆ రాత్రియే వానికి ఫోనులో చెప్పెనట.

విదియనాడు నేను రెండు విస్తళ్లు వేసి, వీథి వైపు చూడకుండ వీథి చప్పుళ్లు వినుచుంటిని. పదునొకండు గంటలకు గేటు చప్పుడైనది. తమ్ముడు చేతిలో పండ్లతో వచ్చి, కాళ్లు కడుగుకొని, తిన్నగా మా వారి యెదుటికి పోయి, "బావగారూ, గోలు సంగతి పోనిండు. బెత్తము మాట నేననరాదు. కార్డు నాకు తగినదే" అనెను. మా వారు, "రా, కూర్చో, చారు చల్లారుచున్నది" అనిరి. మగవారి క్షమాపణలు ఇంతకంటె దీర్ఘముగా నుండవని మీకు తెలియనిదా!

ఇక మన మాట. ఈ నిబంధనలు మగవారి సొత్తనుకొనవలదు. 2022 డిసెంబరులో కతారు దేశమున జరిగిన పురుషుల ప్రపంచ పోటీలో జర్మనీ, కోస్టారికా పక్షముల ఆటకు ఈల పట్టినది స్తెఫానీ ఫ్రాపార్ అను ఫ్రెంచి వనిత. ఆమెకు సహాయకులుగా నిలిచిన ఇద్దఱును వనితలే. కోట్లమంది చూచుచుండగా ఆమె తీర్పునకు మగవారందఱును లోబడిరి. మనము మైదానమునకు పోకపోయినను, మైదానమునుండి ఇంటికి వచ్చు కోపమును చల్లార్చుటకైనను ఈ యెఱుక యక్కఱకు వచ్చును.

ఎవరైనను, "రిఫరీ అన్యాయము చేసినాడు" అని గుమ్మములో అడుగు పెట్టినచో, ముందు మంచినీళ్లిచ్చి, పిమ్మట ఒక్క ప్రశ్న యడుగుడు: "ఆయన చూచినది తప్పా, ఆయనకు తెలిసిన నియమము తప్పా?" చూచినది తప్పనిన, అది ఆయన కన్ను; ఆ పూటకు దానిని విడిచిపెట్టవలెను. నియమము తప్పనిన, పుస్తకమున్నది. ఆట ముగిసిన పిమ్మట నెమ్మదిగా తెఱచి చూపవలెను. ఆ పుస్తకమును గూడ ఒక్కసారి చదివి అటుకమీద పెట్టరాదు. నియమములు ఏటేట మాఱుచుండును. గోలు కాచువాడు బంతిని చేతులలో నుంచుకొనుటకు మునుపు ఆఱు క్షణములే గడువు. 2025 నుండి ఎనిమిది క్షణములు, మీఱినచో ఎదుటివారికి కార్నరు కిక్కు. పెద్దలు సరదాకై ఆడు ఆటలలో కాలపరిమితి తగ్గించుకొనుటకును, బయటికి పోయినవాడు మఱల లోనికి వచ్చుటకును, నోరు జాఱినవానిని కొంతసేపు బయట కూర్చుండబెట్టుటకును ఏర్పాట్లు చేసికొనవచ్చునని నిబంధనలే చెప్పుచున్నవి. ఇట్టివాటిని ఆటకు ముందే అందఱును కూడి నిర్ణయించుకొనినచో మంచిది.

విదియనాటి భోజనము ముగియుచుండగా మా వారును తమ్ముడును చేతిబంతి సంగతి యెత్తుకొనిరి. ఒకరు చేయి చాచి చూపుదురు, ఒకరు భుజము చూపుదురు. స్వరములు మెల్లమెల్లగా పైకి పోవుచున్నవి. నేను పెరుగు వడ్డించుచు, చేతిలోని గరిటెను తలపైకెత్తి అట్లే నిలిచితిని.

మా వారు నా వైపు చూచి, "ఊరకుండుమురా! మీ యక్కయ్య చేయి నిలువుగా నెత్తినది. ఇండైరెక్ట్ ఫ్రీ కిక్కు సంజ్ఞ అది" అనిరి.

"ఎవరికి బావగారూ, ఆ కిక్కు?" అని తమ్ముడడిగెను.

"రిఫరీ తీర్పు గదా, మనమడుగరాదు" అనుచు మా వారు విస్తరిలో పెరుగునకు చోటు చేసిరి.